గ్వాంటనామోలో జనరల్‌కే శిక్ష వేశారు! ఎందుకో వింటే మండిపోతారు

ఒక్క మాట రాసిపెట్టుకోండి. క్యూబాలో అమెరికా నడిపే సైనిక జైలు గ్వాంటనామో. అక్కడ అమెరికాకి అసలు దడ ఖైదీల లాయర్లంటేనే! ఎందుకంటారా, వినండి.

2017 నవంబరు. ఖైదీల తరఫున వాదించే డిఫెన్స్ లాయర్లందరికీ పెద్ద, అమెరికా మెరైన్ బ్రిగేడియర్ జనరల్ జాన్ బేకర్. ఆయనకి మిలిటరీ జడ్జి వాన్స్ స్పాత్ 21 రోజుల నిర్బంధం, 1,000 డాలర్ల జరిమానా వేసేశాడు. అల్‌ఖైదా వాళ్లని విచారించడానికి పెట్టిన కోర్టండీ అది! ఆయన చేసిన నేరం ఏంటి? యూఎస్‌ఎస్ కోల్ అనే అమెరికా యుద్ధనౌకపై దాడి కేసుంది కదా, 2000లో 17 మంది నావికులు పోయారు. ఆ కేసులో నిందితుడు అల్ నషీరి తరఫున వాదించే ముగ్గురు సివిలియన్ లాయర్లు తప్పుకుంటామంటే, సరే అన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకోమని జడ్జి అంటే కుదరదన్నాడు. అంతే! వాళ్లెందుకు తప్పుకున్నారు? క్లయింటుతో మాట్లాడే గదిలో మైక్రోఫోన్ దొరికింది. ఆ సంగతి క్లయింటుకి చెప్పడానికి కూడా వీల్లేదన్నారు!

జనరల్‌గారిని ఆయన ఉండే ట్రైలర్ ఇంట్లోనే కూర్చోబెట్టి, మూడో రోజున వదిలేశారు.

కొత్తేం కాదులెండి. 2013లోనే ఇంకో కేసులో బయటపడింది, మీటింగ్ గదిలో పైనున్న స్మోక్ డిటెక్టర్ లోపల మాటలు వినే పరికరం ఉందని. గోడలకి చెవులుంటాయంటారు మనవాళ్లు, అక్కడ సీలింగుకే పెట్టారు! పైగా లాయర్ల మాటలు మేం వినలేదని సంజాయిషీ. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు లేదూ?

ఆగండాగండి, ఈ ముక్క వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. 2007లో లాయర్ క్లైవ్ స్టాఫర్డ్ స్మిత్‌కి సైన్యం ఉత్తరం రాసింది. మీ క్లయింట్ల దగ్గర మేమివ్వని డ్రాయర్లు దొరికాయి, మీ పనేనా అని! డ్రాయర్ల మీద దర్యాప్తండీ బాబూ!

నేవీ లాయర్ చార్లెస్ స్విఫ్ట్ సంగతి చూడండి. మన భారతీయ మూలాలున్న లాయర్ నీల్ కత్యాల్‌తో కలిసి 2006లో ఓ గ్వాంటనామో ఖైదీ తరఫున అమెరికా సుప్రీంకోర్టులో బుష్ ప్రభుత్వాన్నే ఓడించాడు. రెండు వారాలకే ప్రమోషన్ లేదని కబురొచ్చింది. కాకతాళీయమట. మీరు నమ్మితే నమ్మండి, నేను నమ్మను.

ఇంతకీ ఆ జడ్జిగారు స్పాత్? 2019లో అప్పీల్ కోర్టు ఈ కేసులో ఆయన కొన్నేళ్లపాటు ఇచ్చిన ఆదేశాల్ని గంపగుత్తగా కొట్టేసింది. ఎందుకంటారా? ఈ కేసు నడుపుతూనే, ఎవరికీ చెప్పకుండా, న్యాయశాఖలో ఇమ్మిగ్రేషన్ జడ్జి ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్నాడు. అదే న్యాయశాఖ లాయరు ఇదే కేసులో ప్రాసిక్యూషన్ వైపు ఉన్నాడు!