బ్యారేజీ సాయంత్రం, మిర్చి ఎరుపు: మీ ట్రావెల్ వీడియోకి సినిమా లుక్

[స్క్రీన్ మీద: ప్రకాశం బ్యారేజీ, మధ్యాహ్నం 2 గంటలు. ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంది.]

ఈ షాట్ నేను తీసిందే.

[అదే చోటు. సాయంత్రం. గేట్లు నల్లగా, వెనక ఆకాశం కాషాయం రంగులో.]

ఇదీ నేను తీసిందే. అదే ఫోన్, అదే పద్మావతి ఘాట్. ఎడిటింగులో రంగు అసలు ముట్టుకోలేదు. చాలామంది ఊరంతా తిరిగి షూట్ చేసి, ఇంటికొచ్చాక సినిమా లుక్ ఇచ్చే ఫిల్టర్ కోసం వెతుకుతుంటారు. ఆ పని రికార్డ్ బటన్ నొక్కకముందే అయిపోవాలండీ. ఎలాగో మన విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలే చూపిస్తాను.

[ఘాట్ మెట్లు. చేతిలో ఫోన్.]

ఈ ఘాట్ బ్యారేజీకి దిగువన ఉంది. ఇక్కడ నిలబడితే బ్యారేజీ పడమటి వైపు, అంటే సూర్యుడు దిగే వైపు ఉంటుంది. డిసెంబరులో అయితే 5 గంటలకల్లా వచ్చి కూర్చోండి. స్క్రీన్ మీద ఆకాశం ఉన్నచోట వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి. ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుగు మోతాదు, లాక్ అవుతుంది. ఇప్పుడు గేట్లు నల్లబడతాయి. నల్లబడనివ్వండి. 1957లో పూర్తయిన కట్టడం ఇది, 70 గేట్లు, పొడవు కిలోమీటరు పైనే. వైడ్ లెన్సులో తీస్తే ఆ గేట్లన్నీ అగ్గిపుల్లల్లా కనిపిస్తాయి. ఫోన్‌లో టెలీ లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపేది) ఉంటే అది పెట్టి, కాస్త ఏటవాలుగా నిలబడి తీయండి. గేటు వెనక గేటు దగ్గర దగ్గరగా వచ్చి, వెనక కొండ కూడా ముందుకు జరిగినట్టు ఉంటుంది.

[రెండు షాట్లు పక్కపక్కన: బ్యారేజీ మీద వెళ్తున్న బైకులు.]

ఎడమవైపు షాట్‌లో బైకులు తుళ్లి తుళ్లి పోతున్నాయి, గమనించారా? కారణం షట్టర్, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం. ఎండ ఎక్కువైతే ఫోన్ తనంతట తానే షట్టర్‌ని సెకనులో 1/2000 వంతు దాకా తీసుకెళ్తుంది. అంత తక్కువ సమయంలో చక్రం దాదాపు కదలదు, ప్రతి ఫ్రేమూ గడ్డకట్టిన ఫొటోలా వస్తుంది. పాత ఫిల్మ్ కెమెరాల్లో షట్టర్ అంటే గుండ్రంగా తిరిగే పళ్లెం. మామూలుగా దాంట్లో సగం తెరిచి ఉండేది. అంటే ఒక్కో ఫ్రేముకి దొరికే సమయంలో సగంసేపు వెలుగు పడేది. ఆ సగంసేపట్లో కదిలిన వస్తువు కాస్త అలుక్కున్నట్టు వస్తుంది. సినిమా కదలికగా మన కంటికి అలవాటైంది ఆ అలుకుడే.

సెకనుకి 24 ఫ్రేములైతే షట్టర్ 1/48 రావాలి. నేను మాత్రం 25 ఫ్రేములు, 1/50 పెట్టమంటాను. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/50 పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మినుకులు పడతాయి. బీసెంట్ రోడ్డులో రాత్రిపూట షాపుల లైట్లు వీడియోలో కొట్టుకోకుండా ఉంటాయి.

[ఫోన్ మీద చిన్న నల్లటి అద్దం పెడుతున్న చేయి.]

పగలు 1/50 పెడితే స్క్రీన్ అంతా తెల్లబడుతుంది. అందుకే ఎన్‌డీ ఫిల్టర్. కళ్లకి చలవద్దాలు ఎలాగో ఫోన్‌కి ఇది అలాగ. ఎన్‌డీ 64 అంటే పడిన వెలుగులో 64వ వంతే లోపలికి వెళ్తుంది. మన మిట్టమధ్యాహ్నం ఎండకి ఆ స్థాయిది కావాల్సిందే.

[గుంటూరు మిర్చి యార్డు. కుప్పలు, టిక్కీలు (మిర్చి బస్తాలు), మోస్తున్న కూలీలు.]

ఇక నాకు బాగా ఇష్టమైన చోటు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డుకి వెళ్తే ఎటు చూసినా ఎరుపే. ముందు ముక్కుకి తుండుగుడ్డ కట్టుకోండి, ఘాటుకి దగ్గొస్తే షాట్ ఊగిపోతుంది. కూలీల చేతుల నిండా పని ఉంటుంది. వాళ్లని అడిగి, దారికి అడ్డం లేకుండా నిలబడి తీయండి.

ఎరుపుతో పెద్ద చిక్కుంది. కెమెరాలో వెలుగుని పట్టే సెన్సర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా నమోదవుతాయి. ఎండలో మిర్చి కుప్ప మీద ఎరుపు ఒక్కటే ముందుగా గరిష్ఠానికి చేరిపోతుంది. అక్కడ వివరం పోతుంది. కాయ కాయకీ ఉన్న ముడత, తొడిమ కనపడక ఎర్రరంగు ముద్దలా తయారవుతుంది. తర్వాత ఎడిటింగులో ఎంత తగ్గించినా ఆ ముడతలు తిరిగి రావు. అందుకని ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీయండి. వైట్ బ్యాలెన్స్‌ని, అంటే తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సరిచేసే సెట్టింగుని, 5600 కెల్విన్ దగ్గర లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే ఫోన్ ఈ ఎరుపుని చూసి కంగారుపడి ఫ్రేమంతా నీలంగా మార్చేస్తుంది.

రెడీమేడ్ ఫిల్టర్లలో నీలం, నారింజ కలిపినవి చాలా ఉన్నాయి. దయచేసి ఇక్కడ వాడకండి. మిర్చి నారింజ రంగుకి తిరుగుతుంది, మన ఒంటి రంగు ఇటుక రంగవుతుంది. ముఖం రంగు సరిగ్గా ఉందా లేదా అన్నది ముందు చూసుకుని, ఆ తర్వాతే మిగతా రంగుల జోలికి వెళ్లండి. పైనా కిందా నల్ల పట్టీలు వేయడం గురించి అడుగుతుంటారు. ఫ్రేమ్‌ని ముందే ఆ కొలతకి చూసుకుని తీస్తే వేయండి, లేకపోతే వద్దు.

[ఉండవల్లి గుహలు. ద్వారం నుంచి లోపలికి.]

చివరిగా ఉండవల్లి. లోపల చీకటి, బయట భగ్గుమనే ఎండ. మొదటిసారి నేను నడుచుకుంటూ లోపలికెళ్లి తీశాను. ఆటో ఎక్స్‌పోజర్ ఒక్కో అడుగుకీ మారి, వీడియో అంతా వెలుగుతూ ఆరుతూ వచ్చింది. రెండోసారి నడవలేదు. అనంతపద్మనాభస్వామి శయన విగ్రహం దగ్గర ఒక మూల నిలబడి, రాతి మీద ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, మనసులో 15 దాకా లెక్కపెట్టాను. బయటినుంచి వచ్చే వెలుగు ఒక పక్కనుంచే పడుతుంది కాబట్టి రాతిలోని ప్రతి మెలికకీ ఓ పక్క నీడ ఉంటుంది. 11 దగ్గర ఒక పెద్దావిడ ఫ్రేములోకి వచ్చి, దణ్ణం పెట్టుకుని వెళ్లారు.

[ఆ షాట్, మొత్తం 15 సెకన్లు. మాట లేదు. గుహలోని శబ్దం మాత్రమే.]