శనివారం కాలేజీ, ఆదివారం వృత్తి జట్టు: నడుమ నలిగే పచ్చిక

శ్రోతలకు నమస్కారం.

పిట్స్‌బర్గ్ అనగానే తెలుగువారిలో చాలామందికి పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం గుర్తుకు వస్తుంది. అదే నగరంలో, రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట, ఉత్తరపు ఒడ్డున 2001లో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం తెరిచారు. మొదట దాని పేరు హైంజ్ ఫీల్డ్, 2022 నుంచి అక్రిషర్ స్టేడియం. సాధారణంగా శనివారాల్లో అక్కడ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ జట్టు ఆడుతుంది, ఆదివారాల్లో వృత్తి జట్టయిన స్టీలర్స్ ఆడుతుంది. రెండు జట్లకూ అడుగున ఉన్నది ఒకే పచ్చిక, అదీ నిజమైన గడ్డి. ఆ గడ్డి పడే కష్టం గురించే ఈనాటి ప్రసంగం.

2007 నవంబరు చివరి వారంలో ఆ మైదానంలో జరిగినదాన్ని వరుసగా చెబితే విషయం తేటపడుతుంది. శుక్రవారం నాడు ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాలల ఫైనల్ పోటీలు ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు జరిగాయి. శనివారం పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ జట్టు సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంతో ఆడింది. అయిదు ఆటలకు మైదానం చీలికలు పేలికలైపోగా, పాత గడ్డిని తొలగించే వ్యవధి లేక, దాని మీదనే చాపల్లా చుట్టి తెచ్చిన కొత్త పచ్చికను పరిచారు. ఆ తరువాత కుండపోతగా వాన కురిసింది. సోమవారం, 26వ తేదీ రాత్రి, స్టీలర్స్‌కూ మయామీ డాల్ఫిన్స్‌కూ పోటీ మొదలయ్యేసరికి మైదానం దమ్ము చేసిన వరిమడిలా ఉంది. డాల్ఫిన్స్ ఆటగాడు ఎత్తుగా తన్నిన, రెండు కొసలూ మొనదేలిన బంతి దిగివచ్చి, ఎగరకుండా, దొర్లకుండా, ముక్కు భాగం బురదలో దిగబడి నిలబడిపోయింది. ఆట ముగియడానికి ఇంకా 17 సెకన్లు ఉన్నాయనగా తమ ఆటగాడు జెఫ్ రీడ్ బంతిని గోలు స్తంభాల మధ్యగా తన్ని కొట్టిన ఫీల్డ్ గోల్‌తో స్టీలర్స్ 3–0 తేడాతో గెలిచారు. ఆ రాత్రి మొత్తానికి నమోదైన పాయింట్లు ఆ మూడే.

తప్పు వానదే అనుకుంటే సులువుగా సరిపోతుంది కాని, అది న్యాయం కాదు. కొత్తగా పరిచిన పచ్చిక కింది నేలలోకి వేళ్లు దింపుకోవడానికి వారాలు పడుతుంది, దానికి ఇచ్చిన వ్యవధి మాత్రం రెండు రోజులు కూడా లేదు. పైగా నీరు త్వరగా ఇంకిపోయేందుకు ఇసుక పాలు ఎక్కువగా ఉండేటట్లు కట్టిన మైదానం మీద, వేరే మట్టిని పట్టుకుని వచ్చిన పచ్చిక పొర పడినప్పుడు, ఆ రెండింటి సరిహద్దు దగ్గర నీరు ఆగి, పై పొర స్పంజిలా నాని ఉండిపోతుంది.

ఇక గడ్డి సంగతి. పిట్స్‌బర్గ్ వంటి చల్లని ఊళ్లలో వేసేది కెంటకీ బ్లూగ్రాస్. పసుపు, అల్లం కొమ్ముల మాదిరి దీని కాండాలు మట్టి లోపల పాకుతూ పోతాయి, బూట్ల మేకులు చీల్చిన చోట ఆ కాండాల నుంచే మళ్లీ పిలకలు లేస్తాయి. తన గాయాన్ని తానే మాన్పుకొనే గడ్డి ఇది. అయితే ఆ మానడానికి వెచ్చదనమూ వెలుతురూ కావాలి. నేల చల్లబడేకొద్దీ ఎదుగుదల మందగించి, నవంబరు చివరికి దాదాపు ఆగిపోతుంది. కాలేజీ ఆటలు, వృత్తి ఆటలు, పాఠశాల ఫైనల్సు అన్నీ వచ్చి మీద పడేది సరిగ్గా అప్పుడే. తొక్కిడి కన్నా తొక్కిడి వచ్చే కాలమే ఆ పచ్చికను ఎక్కువగా దెబ్బ తీస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ వారాంతంలో పిట్స్‌బర్గ్ వచ్చిన రెండు అతిథి జట్లూ ఫ్లోరిడా నుంచి వచ్చినవే కావడం విశేషం. సౌత్ ఫ్లోరిడా జట్టు టాంపాలో 1998 నుంచే వృత్తి జట్టు బకనీర్స్‌తో ఒకే స్టేడియం పంచుకుంటోంది, డాల్ఫిన్స్ స్టేడియంలోకి మరుసటి ఏడాది, 2008లో, మయామీ విశ్వవిద్యాలయ జట్టు వచ్చి చేరింది. ఆ రెండు చోట్లా పెంచేది బెర్ముడా గడ్డి. వినాయక చవితి నాడు మనం పత్రితో పాటు స్వామికి సమర్పించే గరిక ఉన్నదే, దాని సంకర జాతే అది. ఎండ ఉన్నంత కాలం గరికను ఎంత తొక్కినా అణగదని మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. అదే గరికను పిట్స్‌బర్గ్ చలిలో వేస్తే గోధుమరంగుకు తిరిగి నిద్రావస్థలోకి పోతుంది. అందువల్ల ఫ్లోరిడాలో కుదిరిన పంపకం ఉత్తరాదిన అలాగే కుదురుతుందని చెప్పలేము.

ఈ అరుగుదల మైదానమంతా సమానంగా ఉండదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట ఆగి మళ్లీ మొదలయ్యే ప్రతిసారీ బంతిని హ్యాష్ మార్కులనే రెండు గుర్తుల వరుసల మధ్య నుంచే ఆడాలి. 160 అడుగుల వెడల్పున్న మైదానంలో వృత్తి ఆటకు ఆ వరుసల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు మాత్రమే, కాలేజీ ఆటకు 40 అడుగులు, పాఠశాల ఆటకు 53 అడుగుల 4 అంగుళాలు. అంటే పాఠశాల, కాలేజీ ఆటల తొక్కిడి కొంత పక్కలకు విస్తరిస్తుంది గాని, నడిమి పట్టీ మీద అందరి బరువూ పడుతుంది. నూటముప్పై, నూటనలభై కిలోల ఆటగాళ్లు ఎదురెదురుగా వంగి, మేకుల బూట్లు నేలలో దించి, ఒకరినొకరు తోసుకొనేది అక్కడే. టీవీలో మైదానం మధ్య బట్టతలలా కనిపించే భాగం అదే.

పరిష్కారాలు వెతకలేదని కాదు. 2003లో ఆ స్టేడియంలోనే సహజమైన గడ్డి నడుమ కృత్రిమ పోగులను సుమారు 20 సెంటీమీటర్ల లోతుకు కుట్టే పద్ధతిని తెచ్చారు. వేళ్లు ఆ పోగులను పెనవేసుకుని మట్టిని గట్టిగా పట్టి ఉంచుతాయి. 2007లో కొత్త పచ్చిక పరిచింది ఆ మిశ్రమ మైదానం మీదనే. నిజానికి పోగులు నేలను కదలకుండా ఉంచగలవు గాని, చచ్చిన గడ్డిని బతికించలేవు.

మరి మొత్తంగా ప్లాస్టిక్ పరిచేస్తే పోదా అని అడిగేవారున్నారు. ఆడేవారి మోకాళ్లు, చీలమండలు ఏమంటున్నాయో కూడా వినాలి. 2012 నుంచి 2018 వరకు వృత్తి లీగ్ గాయాల లెక్కలను చూపుతూ, ఎవరూ తగలకుండానే కాళ్లకు అయ్యే గాయాల రేటు కృత్రిమ మైదానాల మీద 28 శాతం ఎక్కువగా ఉందని క్రీడాకారుల సంఘం అధ్యక్షుడు జె.సి. ట్రెటర్ 2020లో బహిరంగంగా రాసి, సహజమైన గడ్డి కావాలని కోరారు. గడ్డిని కాపాడడమంటే ముందుగా వాళ్ల కాళ్లను కాపాడడమే.

పాఠశాల పిల్లలను పెద్ద మైదానంలోకి రానివ్వకూడదని నేను అనను. అక్కడ ఒక్కసారి ఆడిన కుర్రవాడు ఆ రోజును జీవితాంతం చెప్పుకుంటాడు. నా అభ్యంతరమంతా నాలుగు ఫైనల్సునూ ఒకే రోజున, మర్నాడు కాలేజీ ఆట ఉందని తెలిసి కూడా, ఎదుగుదల ఆగిన గడ్డి మీద పెట్టడం గురించే. ఆటల తేదీలు ఖరారు చేసే బల్ల దగ్గర పచ్చికను పెంచే మనిషికి కూడా ఒక కుర్చీ వేయాలి. ఎన్ని ఆటలకు గడ్డి తట్టుకుంటుందో, ఏ వారం దాన్ని వదిలెయ్యాలో ఆయనకు తెలిసినట్లు టికెట్లు అమ్మేవారికి తెలియదు.

సెలవు. నమస్కారం.