స్టార్ట్ నొక్కితే ఆట ఎందుకు మూసుకుపోతోంది?

అందరికీ నమస్కారం.

పోయిన ఎండాకాలం సెలవులకి మా అక్క కొడుకు ఇంటికి వచ్చాడు. వాడి కోసమని, అసలు సంగతి నా కోసమే అనుకోండి, అటక మీద పడున్న రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ దించి, దుమ్ము దులిపి, పాత వీడియో గేములు ఆడించే రెట్రోపై అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. టీవీకి కలిపాం. మారియో పెట్టాం. వాడు స్టార్ట్ నొక్కాడు. ఆట మొదలవ్వాలి కదా, మూసుకుపోయి మళ్ళీ మెనూలోకి వచ్చేసింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మెనూనే. "మామయ్యా, ఇది నన్ను లోపలికి రానివ్వట్లేదు" అన్నాడు.

అప్పుడు నేను చేసింది మీలో చాలామంది చేసే ఉంటారు. బటన్ మ్యాపింగ్, అంటే ఏ బటన్ ఏదో మెషీన్‌కి చెప్పడం, మొదట్నుంచి మళ్ళీ చేశాను. ఆరోజు అలా నాలుగుసార్లు. పైకి, కిందికి, ఎడమ, కుడి, స్టార్ట్, సెలెక్ట్, ఏ, బీ అంటూ వరసగా నొక్కుకుంటూ పోవడమే. మధ్యలో ఈ సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైలు తెరిచి, అక్కర్లేదనిపించిన లైన్లు కొన్ని తీసేశాను కూడా. ఆ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మన వేలు బటన్ మీద పడ్డప్పట్నుంచి తెర మీద మారియో ఎగిరే దాకా మధ్యలో ఆ కబురు చాలా చేతులు మారుతుంది. ప్యాడ్ లోపలి చిప్ 'ఫలానా బటన్ నొక్కారు' అని యూఎస్‌బీ మీద పంపుతుంది. దాన్ని లినక్స్, అంటే పై లోపలి ఆపరేటింగ్ సిస్టమ్, అందుకుని ఒక అంకె ఇస్తుంది. లెక్క సున్నాతో మొదలు. లినక్స్‌కి ఏ, బీ తెలియవు, సున్నా, ఒకటి, రెండు మాత్రమే తెలుసు. ఆ అంకెను రెట్రోఆర్క్, అంటే రెట్రోపైలో ఆటల్ని నడిపే ప్రోగ్రాం, తీసుకుని, ఆ ప్యాడ్ పేరుతో ఉన్న ఫైలు వెతుక్కుని, 'ఒకటి అంటే ఏ' అని అర్థం చెప్పుకుంటుంది. అక్కడ తయారయ్యేది రెట్రోప్యాడ్ అనే ఊహా ప్యాడ్. దాని ఆకారం సూపర్ నింటెండో ప్యాడ్‌ది: కింద బీ, కుడివైపు ఏ, ఎడమవైపు వై, పైన ఎక్స్. ఆఖరికి కోర్, అంటే పాత గేమ్ మెషీన్‌లా నటించే అసలు ఎమ్యులేటర్, ఆ ఊహా ప్యాడ్‌ను పాత మెషీన్ బటన్లకు జోడిస్తుంది. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా మనకు కనపడేది ఒకటే: బటన్ పని చెయ్యట్లేదు. మనమేమో ఎప్పుడూ ఒకే చోట తవ్వుతుంటాం.

కాబట్టి నా పద్ధతి, అడుగు నుంచి చూసుకుంటూ రావడం. జెఎస్‌టెస్ట్ అని చిన్న ప్రోగ్రాం ఉంది. ఆటలు మూసేసి టెర్మినల్‌లో దాన్ని నడిపితే, ప్యాడ్ బటన్లన్నీ వరసగా అంకెలతో కనిపిస్తాయి, పక్కన 'ఆఫ్' అని ఉంటుంది. నొక్కితే 'ఆన్' అవుతుంది. నొక్కినా మారలేదంటే ఇక సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. స్క్రూడ్రైవర్ తీసుకోండి. బటన్ కింద రబ్బరు ఉంటుంది, దాని అడుగున నల్లటి కార్బన్ చుక్క. ఏళ్ళ తరబడి చెమట, జిడ్డు పేరుకుంటాయి అక్కడ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు ప్రాణం వస్తుంది. నాలుగు దిక్కుల బటన్ సంగతి వేరు. చాలా ప్యాడ్లలో అది బటన్‌గా కాక యాక్సిస్‌గా, అంటే అటూ ఇటూ కదిలే కొలతగా, కనపడుతుంది, నొక్కగానే అంకె సున్నా నుంచి 32767కో, మైనస్ 32767కో దూకుతుంది. వదిలాక సున్నాకు రాకుండా ఎక్కడో ఆగిందంటే, మెనూ దానంతటదే కిందికి జారిపోవడానికి కారణం దొరికినట్టే.

మా స్టార్ట్ బటన్ ఇక్కడ శుభ్రంగా పాసైంది. అంటే తప్పు పైన ఉంది.

రెట్రోఆర్క్‌లో హాట్‌కీ అని ఒక ఏర్పాటు ఉంది. మామూలుగా సెలెక్ట్ బటనే హాట్‌కీ. సెలెక్ట్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే ఆట మూసుకుంటుంది, సెలెక్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే రెట్రోఆర్క్ మెనూ వస్తుంది, కుడి భుజం బటన్‌తో సేవ్, ఎడమదానితో లోడ్. మరి హాట్‌కీ ఏదో చెప్పే లైన్ ఫైల్లో లేకపోతే? అప్పుడు తాళం లేని తలుపే. 'స్టార్ట్ అంటే బయటికి' అనే ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది, సెలెక్ట్ తోడు లేకుండానే అమలవుతుంది. ఇందాక అక్కర్లేదని నేను తీసేసిన లైన్లలో అదొకటి! పెట్టగానే ఆట నడిచింది. మా వాడు మాత్రం గేమ్ బాగు చేసింది తనేనని ఇప్పటికీ అందరికీ చెప్తాడు.

ఎమ్యులేషన్‌స్టేషన్ అనే మెనూలో మనం చేసే మ్యాపింగ్ రెండు చోట్ల రాసుకుంటుంది. ఒకటి మెనూ తన కోసం, రెండోది రెట్రోఆర్క్ కోసం. అందుకే మెనూలో అన్నీ దివ్యంగా పనిచేసి, ఆటలోకి వెళ్ళగానే గందరగోళం అవ్వచ్చు. పీపీఎస్‌ఎస్‌పీపీ (పీఎస్‌పీ ఆటలు ఆడించేది) లాంటివి విడిగా నడిచే ఎమ్యులేటర్లు, వాటి సెట్టింగ్స్ వాటివే. రెట్రోఆర్క్‌లో ఎంత కుస్తీ పట్టినా వాటికి చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఇక నన్ను బాగా ఏడిపించిన కేసు. ఇద్దరం ఆడాలి కదా అని రెండో ప్యాడ్ కొన్నాను. చవక రకం. చూడ్డానికి మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. రెండోదానికి మ్యాపింగ్ చేశాను, బాగుంది. మొదటిది చెడింది. మొదటిదానికి మళ్ళీ చేశాను, రెండోది చెడింది. ఒక పూటంతా ఇదే తంతు. చివరికి యూఎస్‌బీకి తగిలించినవన్నీ చూపించే ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొట్టి చూస్తే రెండింటి ఐడీ ఒకటే, పేరూ ఒకటే. పెట్టెలు వేరైనా లోపల తమ పేరు ఒకటే చెప్తున్నాయి, కానీ బటన్ల అంకెల వరస మాత్రం తేడా. రెట్రోఆర్క్ పేరు చూసి ఫైలు తీస్తుంది కనుక ఇద్దరికీ ఒకటే ఫైలు, ఎవరు చివర రాస్తే వాళ్ళది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరికి ఒకరి ఉత్తరం ఇంకొకరికి వెళ్ళినట్టు.

దీనికి రెట్రోఆర్క్ మెనూలో పోర్టు 2 కంట్రోల్స్‌కి వెళ్ళి రెండో ప్యాడ్ తేడాను అక్కడ సరిచేసి, రీమ్యాప్ ఫైలుగా సేవ్ చేయొచ్చు. కానీ అది పోర్టుకి అతుక్కుంటుంది, ప్యాడ్‌కి కాదు. రేపు ప్యాడ్ల వరస తారుమారైతే కథ మళ్ళీ మొదటికొస్తుంది. నన్నడిగితే, రెండూ ఒకే మోడల్ కొనుక్కోండి, గొడవే ఉండదు.

దీనికి తలకిందుల సమస్య కూడా ఉంది. 8బిట్‌డూ ఎస్ఎన్30 ప్రో లాంటి ప్యాడ్‌ను స్టార్ట్‌తో పాటు ఎక్స్ నొక్కి ఆన్ చేస్తే ఒక మోడ్, బీ నొక్కి ఆన్ చేస్తే ఇంకోటి, వై నొక్కితే స్విచ్ మోడ్. మోడ్ మారితే అది చెప్పుకునే పేరూ మారుతుంది. నిన్న చేసిన మ్యాపింగ్ ఇవాళ పోయిందంటే, పోలేదు, మీరు వేరే మోడ్‌లో ఆన్ చేశారు.

మ్యాపింగ్ అంతా సరిగ్గా ఉన్నా తప్పుగా అనిపించే రకం ఒకటుంది, నాకు అదే ఇష్టం. నింటెండో ప్యాడ్లలో ఏ కుడివైపు ఉంటుంది. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో ఏ కింద ఉంటుంది. ప్లేస్టేషన్‌లో జపాన్ వాళ్ళకి చాలాకాలం సున్నా గుర్తు అంటే సరే, ఇంటూ అంటే వద్దు. బయటి దేశాల్లో దీనికి రివర్స్. 2020లో ప్లేస్టేషన్ 5తో జపాన్‌లోనూ ఇంటూనే 'సరే' చేశారు. కాబట్టి తెర మీద ఏ అడిగినప్పుడు ఎక్స్‌బాక్స్ ప్యాడ్ పట్టుకున్నవాళ్ళు దాని మీద రాసిన అక్షరం చూడకూడదు, చోటు చూసి కుడి బటన్ నొక్కాలి. మెనూలో మాత్రమే చిరాకుగా ఉంటే రెట్రోపై సెటప్‌లో ఏ, బీ తారుమారు చేసే ఆప్షన్ వేరుగా ఉంది.

తొంభైల్లో టీవీ గేమ్, క్యాసెట్ అంటూ పెరిగినవాళ్ళకి ఇంకో ఇబ్బంది. ఆ ప్యాడ్ మీద బీ, ఏ పక్కపక్కనే. బొటనవేలి కొసతో బీ పట్టుకుని పరిగెత్తుతూ, అదే వేలిని కాస్త వాల్చి ఏ మీద దూకేవాళ్ళం. కొత్త ప్యాడ్‌లో బీ కింద, ఏ కుడివైపు ఏటవాలుగా ఉంటాయి, వేలికి ఆ వాలు అలవాటు లేదు. అందుకే నేను ఆ పాత ఆటల కోర్‌కి మాత్రం రీమ్యాప్ పెట్టి పరుగుని వై మీదకి, దూకడాన్ని బీ మీదకి మార్చుకున్నాను.

ఇలా ఒక్కో పాత మెషీన్‌కి విడిగా ఉండే కాన్ఫిగ్ ఫైల్లోనే మార్చుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆ ఫైల్లో 'ఇన్‌క్లూడ్' అని ఒక లైన్ ఉంటుంది, అందరికీ వర్తించే పెద్ద ఫైలుని పిలిచే లైన్. మీ మార్పు దానికి పైన రాయాలి. ముందు చదివిందే చెల్లుతుంది, కింద రాసింది బూడిదలో పోసిన పన్నీరే. ఎర్రరూ రాదు. నేనొక వారం కిందే రాశాను.

ప్యాడ్లు తెచ్చుకున్నవాళ్ళు ముందుకి రండి. మూల కూర్చున్న ఆ ఆకుపచ్చ ప్యాడ్ ఎవరిదండీ? దాని కుడి భుజం బటన్ పని చెయ్యట్లేదన్నారు కదా, ఇలా ఇవ్వండి, జెఎస్‌టెస్ట్ తెరిచే ఉంచాను.