సూపర్‌ఛార్జర్ బండికి కొత్త ఇంజిన్ వేసే ముందు, పాతదాన్ని విప్పి చూడండి

[దృశ్యం: బల్ల మీద పాత పిస్టన్, కెమెరా బాగా దగ్గరగా]

ఈ పిస్టన్ ఒకసారి చూడండి. పైభాగం శుభ్రంగానే ఉంది. కరగలేదు, చిల్లు పడలేదు. కానీ ఇదిగో, ఇక్కడ, రెండు రింగుల మధ్య ఉండే సన్నటి గట్టులో గోరంత ముక్క విరిగిపోయింది. ఆ ముక్క సిలిండర్ గోడను గీసుకుంటూ పైకీ కిందికీ తిరిగింది. ఇంజిన్ పోవడానికి అది చాలు.

సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే యంత్రం) ఉన్న కారులో ఇంజిన్ పోగానే చాలామంది అడిగేది, "ఈసారి ఎన్ని హార్స్‌పవర్ తీయొచ్చు?" అని. ఆ లెక్క తర్వాత చూద్దాం. ముందు పాతది ఎందుకు పోయిందో తేలాలి. అది తేలకుండా ఎంత మంచి ఇంజిన్ దింపినా, పాతదాన్ని చంపిన బూస్ట్ (నెట్టిన గాలి అదనపు ఒత్తిడి), ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్టిన పెట్రోల్, స్పార్క్ లెక్కలు), వేడి అన్నీ దీనికోసం కూడా కాచుకునే ఉంటాయి. గట్టి పిస్టన్ వేస్తే ఇంకొన్నాళ్లు ఎక్కువ ఆగుతుంది, అంతకుమించి ఏమీ మారదు.

అందుకని పాత ఇంజిన్‌ని పాత ఇనుప సామాన్లకు వేసేయకండి. విప్పండి.

మొదట స్పార్క్ ప్లగ్‌లు. తెల్లటి పింగాణీ మీద మిరియం పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, మధ్యమధ్య మెరిసే అల్యూమినియం పూసలు కనిపిస్తే, అది పిస్టన్ లోహమే. అంటే నాకింగ్ జరిగింది, వేడికీ ఒత్తిడికీ పెట్రోల్ తనంతట తానే భగ్గుమని పిస్టన్‌ని కొట్టింది. తర్వాత కనెక్టింగ్ రాడ్ బేరింగులు. మంట పిస్టన్‌ని కిందికి నెట్టినప్పుడు ఆ దెబ్బంతా బేరింగ్ పై సగం మీద పడుతుంది. పై సగం మాత్రమే నలిగి, కింది సగం బాగుంటే అదీ నాకింగ్ వైపే చూపిస్తుంది. అన్ని బేరింగులూ గీతలు పడి రాగి రంగు తేలితే కథ వేరు. అక్కడ ఆయిల్ అందలేదు, లేదా ఆయిల్‌లో చెత్త తిరిగింది.

ఒక్క సిలిండరే పోయిందా, అన్నీనా అన్నది కూడా చూడాలి. ఒక్కటే అయితే దానికి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ని అనుమానించండి. అన్నీ అయితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని, అంటే పెట్రోల్ పంపుని, ట్యూన్‌ని, పోసిన పెట్రోల్ ఆక్టేన్‌ని (నాకింగ్‌ని తట్టుకునే గుణాన్ని).

[దృశ్యం: రింగును సిలిండర్‌లో పెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజ్ దూర్చడం]

ఇప్పుడు ఆ విరిగిన గట్టు సంగతి. రింగు పూర్తి చక్రం కాదు, దాని రెండు కొసల మధ్య చిన్న సందు ఉంటుంది. వేడికి రింగు సాగినప్పుడు ఆ సందు తగ్గుతుంది. పూర్తిగా మూసుకుపోయి కొసలు ఒకదానికొకటి తగిలితే రింగుకి సాగే చోటు ఉండదు. సిలిండర్ గోడకు బిగుసుకుంటుంది. పిస్టన్ మాత్రం ఆగదు కదా, దాన్ని లాక్కుని పోతుంది. అప్పుడు విరిగేది ఆ గట్టే. తీసిన రింగు కొసలు రెండూ అద్దంలా మెరుస్తుంటే ఇదే జరిగిందని అర్థం.

లేత్ పనివాళ్ల భాషలో థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మామూలు ఇంజిన్‌లో పై రింగుకి, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) ప్రతి అంగుళానికీ 4 నుంచి 4.5 థౌ సందు సరిపోతుంది. సూపర్‌ఛార్జర్ ఉన్న రోడ్డు కారుకి అంగుళానికి దాదాపు 6 థౌ కావాలి. 4 అంగుళాల బోర్ అంటే 24 థౌ, మన లెక్కలో 0.6 మిల్లీమీటర్. రింగు తయారీదారు కాగితం మీద ఇచ్చిన అంకే ఆఖరి మాట అనుకోండి. సందు కాస్త ఎక్కువైతే కొద్దిగా ఒత్తిడి కిందికి జారుతుంది, ఆయిల్ కొంచెం త్వరగా పాడవుతుంది. తక్కువైతే ఇదిగో, ఈ పిస్టన్. ఏ వైపు తప్పు చేయాలో మీరే చెప్పండి.

అయితే రింగు అంతలా వేడెక్కింది ఎందుకు? ఇక్కడే అసలు విషయం ఉంది. సూపర్‌ఛార్జర్ గాలిని నొక్కుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లందరికీ తెలిసిందే. వాతావరణ పీడనం 14.7 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). దాని మీద 8 పిఎస్‌ఐ బూస్ట్ అంటే సుమారు ఒకటిన్నర రెట్లు. 35 డిగ్రీల గాలి లోపలికి వెళ్లి, సూపర్‌ఛార్జర్ సామర్థ్యం 60 శాతం ఉంటే, బయటికొచ్చేది దాదాపు 100 డిగ్రీలతో. ఒక మాదిరి ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) ఆ పెరుగుదలలో 70 శాతం లాగేస్తే 55 డిగ్రీలకు దిగుతుంది. ఈ 100కీ 55కీ మధ్య ఉన్న తేడాలోనే ఇంజిన్ ఆయుష్షు ఉంది. నన్నడిగితే, పిస్టన్లకు పెట్టే డబ్బులో కొంత తీసి ముందు ఇంటర్‌కూలర్ మీద పెట్టమంటాను. వినడానికి బోరు, ఎవరికీ చూపించుకోలేం కూడా, నిజమే.

ఇప్పుడు పవర్ లెక్క. మీ కారులో గేర్‌బాక్స్, క్లచ్, టైర్లు రోజూ తట్టుకునే అంకె ఒకటి ఉంటుంది. అక్కడ ఆగండి. ఇంజిన్‌ని మాత్రం దానికన్నా ఎక్కువ తట్టుకునేలా కట్టించండి. 600 హార్స్‌పవర్ వాడేవాళ్లు 600కే కట్టించుకుంటే, ఒక ఎండరోజు, ఒక కల్తీ పెట్రోల్ ట్యాంకు చాలు.

కట్టించాలా, కంపెనీ సీల్డ్ ఇంజిన్ తెచ్చుకోవాలా? బూస్ట్ తక్కువే, కంపెనీయే సూపర్‌ఛార్జర్ పెట్టి అమ్మిన మోడల్ అయితే కంపెనీ ఇంజినే మేలు. మామూలు ఇంజిన్‌కి బయట సూపర్‌ఛార్జర్ తగిలించిన బండి అయితే, ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా నొక్కి చేసిన) పిస్టన్లు, రాడ్లు వేసి కట్టించుకోవడమే దారి. బ్లాకుకి పగుళ్ల పరీక్ష చేయించండి. హోనింగ్ (సిలిండర్ గోడను సానపట్టడం) చేసేటప్పుడు టార్క్ ప్లేట్, అంటే హెడ్‌కి బదులు బిగించే మందపాటి పలక, బిగించే చేస్తారా అని అడగండి. హెడ్ బోల్టులు బిగిస్తే సిలిండర్ కొద్దిగా వంకర పోతుంది. ఆ వంకరలోనే గుండ్రంగా కోయాలి.

ఫోర్జ్‌డ్ పిస్టన్లలో రెండు రకాల లోహం బాగా వాడతారు. 4032లో సిలికాన్ ఎక్కువ, వేడికి తక్కువ సాగుతుంది, గోడకు దగ్గరగా పెట్టొచ్చు, పొద్దున స్టార్ట్ చేస్తే చప్పుడు ఉండదు. 2618 ఎక్కువ సాగుతుంది, ఎక్కువ సందు కావాలి, చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది. కానీ నాకింగ్ దెబ్బకు పగలకుండా వంగుతుంది. సూపర్‌ఛార్జర్ బండికి నేను 2618 వైపే. ఆ టకటక వేడెక్కగానే పోతుంది, దానికి టెన్షన్ పడకండి.

కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలిని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) విషయంలో, పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్‌లోకి కాకుండా గాలి దారిలో పెట్రోల్ చిమ్మే) రోడ్డు కారుకి 8 పిఎస్‌ఐ దగ్గర 9 నుంచి 9.5 ప్రశాంతమైన చోటు. క్యామ్ షాఫ్ట్‌లో రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం తక్కువ ఉన్నది ఎంచుకోండి, లేదంటే నెట్టిన గాలి సైలెన్సర్ దారి పడుతుంది.

[దృశ్యం: కాగితం మీద పెన్నుతో లెక్క]

పెట్రోల్ లెక్క మాత్రం మీ చేత్తో మీరే వేసుకోండి. 600 హార్స్‌పవర్, ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు 0.65 పౌండ్ల పెట్రోల్. మొత్తం 390. ఎనిమిది సిలిండర్లకు పంచితే 48.75. ఇంజెక్టర్ 85 శాతానికి మించి తెరిచి ఉండకూడదు కాబట్టి 0.85తో భాగించండి, 57 దాటింది. అంటే 60 పౌండ్ల ఇంజెక్టర్లు. బూస్ట్ పెరిగేకొద్దీ పెట్రోల్ ప్రెషర్ కూడా అంతే పెరిగేలా రెగ్యులేటర్ ఉండాలి. లేదంటే 10 పిఎస్‌ఐ బూస్ట్‌లో ఇంజెక్టర్‌కి 10 పిఎస్‌ఐ తగ్గిపోతుంది, అది కూడా ఎక్కువ కావాల్సిన సమయంలో. పూర్తి థ్రాటిల్‌లో ఒక పాలు పెట్రోల్‌కి గాలి బరువులో 11.5 నుంచి 11.8 పాళ్ల మధ్య ఉందో లేదో వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ని కొలిచేది) చెప్పాలి. మీ చెవి కాదు.

క్రాంక్ షాఫ్ట్ ముందు కొస గురించి ఎవరూ మాట్లాడరు. సూపర్‌ఛార్జర్‌ని తిప్పే బెల్టు లాగుడంతా దాని మీదే. కొన్ని ఇంజిన్లలో అక్కడ పుల్లీకి కీ (జారకుండా ఆపే చిన్న ఇనుప ముక్క) ఉండదు, బోల్టు బిగింపే ఆధారం. అలాంటివాటికి పిన్ను వేయించండి.

ఇక నేను చేసిన తప్పు ఒకటి. ఒకసారి కొత్త ఇంజిన్ వేసి, పాత ఆయిల్ కూలర్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ బిగించాను. దాని సన్నటి గొట్టాల్లో పాత బేరింగ్ రజను ఉండిపోయింది. ఆ రజను కొత్త బేరింగుల్ని తినేసింది. కడిగితే పోదు. కూలర్ మార్చేయండి. ఇంటర్‌కూలర్, ఇన్‌టేక్ దారి కూడా విప్పి తుడవండి.

[దృశ్యం: కోసిన ఆయిల్ ఫిల్టర్, మడతలు విప్పిన కాగితం]

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ ప్రెషర్ ఎక్కించండి. మొదట కొంతసేపు బూస్ట్ రాకుండా నడపండి, కానీ ఒకే వేగంలో తోలకండి. ఎక్కిస్తూ, దించుతూ నడిపితేనే రింగులు గోడకు కూర్చుంటాయి. దాదాపు 50 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, ఫిల్టర్‌ని కోసి ఇలా మడతలు విప్పండి. మొదటిసారి కొద్దిగా మెరుపు ఉంటుంది, మామూలే. 500 కిలోమీటర్ల దగ్గర ఇంకోటి కోయండి. అందులోనూ అంతే మెరుస్తుంటే ఆ బండిని ఇంటిదాకా కూడా తోలొద్దు, టో చేయించుకోండి.