జబ్బు పని వల్లే వచ్చిందని నిరూపించేదెలా?

(దృశ్యం: పలకరాతి గని. రాతి కోత యంత్రం చుట్టూ దుమ్ము.)

మార్కాపురం పేరు వినగానే చాలామందికి చిన్ననాటి పలక గుర్తొస్తుంది. ఆ రాతిని తవ్వి, కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని పీల్చినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. పని మానేసిన చాలాకాలానికి ఆయాసం మొదలైనప్పుడు, అది గని వల్లే వచ్చిందని ఎవరు చెప్పాలి?

దీనికి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం రెండు దారులు చూపింది. మొదటి దారి జాబితాలో ఉన్న జబ్బులకు: చట్టం మూడో షెడ్యూలులో పేర్కొన్న వృత్తి వ్యాధుల్లో సిలికోసిస్ ఒకటి. షెడ్యూలు చెప్పిన పనిలో, నిర్ణీత కాలం పాటు ఉన్నట్టు చూపగలిగితే, ఆ జబ్బు పని వల్లే వచ్చినట్టు చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం యజమానిదే. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కూడా ఈ వ్యాధుల జాబితా మూడో షెడ్యూలుగానే కొనసాగుతోంది.

(దృశ్యం: పాత వేతన చీటీ, ఛాతీ ఎక్స్‌రే.)

చట్టం ఇంత అనుకూలంగా ఉన్నా దావాలు తరచుగా చిక్కుబడేది అంతకుముందే, అంటే జబ్బు పేరు దగ్గర, పని చేశామన్న రుజువు దగ్గర. సిలికోసిస్‌ను క్షయగా పొరబడడం అరుదు కాదు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు కూడా ఎక్కువ కాబట్టి, రెండూ కలిసి ఉన్నప్పుడు మొదటిది కాగితంపైకి రాకుండానే పోవచ్చు. అందుకే ఏ పని, ఎన్నేళ్లు, ఎలాంటి దుమ్ములో చేశారో వైద్యుడికి వివరంగా చెప్పి, దాన్ని కేసు షీటులో రాయించుకోవాలి. రెండో చిక్కు ఇంకా కఠినమైనది: గుత్తేదారు కింద దినకూలీకి పనిచేసినవారి పేరు చాలాసార్లు హాజరు పట్టీలోనే ఉండదు. అప్పుడు పీఎఫ్ ఖాతా, బ్యాంకు జమలు, తోటి కార్మికుల సాక్ష్యం, ఏది దొరికితే అదే ఆధారం. పలువురు యజమానుల దగ్గర పనిచేసి ఉంటే, ఎవరి వాటా ఎంతో పరిహార దావాలు విచారించే కమిషనర్ తేల్చే వీలును 1923 చట్టమే కల్పించింది.

(దృశ్యం: రాత్రివేళ రహదారిపై లారీ.)

జాబితాలో లేని గుండెపోటు వంటి వాటికి రెండో దారి. ఇక్కడ పనికీ మరణానికీ మధ్య లంకెను దావా వేసినవారే చూపాలి. 2006లో ఒక లారీ క్లీనర్ కేసులో, పని ఒత్తిడి వల్లే గుండె ఆగిందనడానికి ఆధారం లేదని సుప్రీంకోర్టు పరిహారం నిరాకరించింది. 2012లో మాత్రం ఢిల్లీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడిపి కుప్పకూలిన డ్రైవరు విషయంలో, సుదూర ప్రయాణపు శ్రమనే కారణంగా అంగీకరించింది. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తేడా జబ్బులో కాక, చివరి రోజుల్లో చేసిన పనిని ఎంత స్పష్టంగా చూపగలిగారన్న దానిలో ఉంది. అందుకే ట్రిప్ షీటు, ప్రయాణ సమయాలు, పోస్టుమార్టం నివేదిక వెంటనే సేకరించాలి.

ఒక మాట మరవకూడదు: ఈఎస్ఐ బీమా ఉన్న కార్మికుడు యజమానిపై కాక, ఈఎస్ఐ కార్పొరేషన్‌లోనే దావా వేయాలి.