శవయాత్ర ఎదురైతే బండి ఎట్ల ఆపాలె

నమస్తే అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు. నేను ఆర్టీసీల బస్సు నడిపి రిటైర్ అయినోణ్ణి, ఎక్కువ నడిపింది హన్మకొండ నుంచి ములుగు దిక్కే. ఇయ్యాల మీ ఆటో అన్నలు, కాలేజీ పిల్లలు ఇంతమంది ఒక్కదగ్గర కూసున్నరు కాబట్టి నాకు శానా రోజుల సంది మనసుల ఉన్న ముచ్చట చెప్త. రోడ్డు మీద శవయాత్ర ఎదురైతే బండి నడిపేటోడు ఏం చెయ్యాలె అన్నది.

మొట్టమొదలు ఒక సంగతి మనసుల పెట్టుకోండ్రి. శవం ఎంబడి నడిచేటోళ్ళు రోడ్డును చూడరు. ఎట్ల చూస్తరు, నిన్నటి దాకా ఇంట్ల తిరిగిన మనిషి పాడె మీద పోతాంటే ఎనుక లారీ వస్తాందా, బైక్ వస్తాందా అని ఎవలు తిరిగి చూస్తరు. ఎడమకు జరగాలె, లైను దాటొద్దు అన్న సోయి వాళ్ళకు ఆ గంటసేపు ఉండదు. కాబట్టి ఆ సోయి ఉండాల్సింది మనకు, స్టీరింగ్ మీద చెయ్యి ఉన్నోళ్ళకు. మీరు బండి ఆపిన్రంటే అది మర్యాద ఒక్కటే కాదు, వాళ్ళకు కాపలా కూడ. ఎనుక నుంచి పోతాంటే మీ బండే అడ్డం గోడ, మీ ఎనుక వచ్చేటోడు మిమ్మల్ని చూసి స్లో అయితడు. అందుకనే ఇండికేటర్లు రెండూ వేసి, కొంచెం దూరం ఇడిసి, మెల్లగ వాళ్ళ నడకతోనే పోండ్రి, జాగ దొరికినప్పుడు వాళ్ళే చెయ్యి ఊపి పొమ్మంటరు.

ఇగ హారన్. దయచేసి కొట్టకుండ్రి. ముంగట డప్పు మోగుతాంటది, ఎనుక ఏడుపు, మీ హారన్ వాళ్ళకు దారి ఇయ్యమన్నట్టు వినపడదు, తిట్టినట్టు వినపడుతది. నేను చూసినకాడికి శవయాత్రల కాడ కొట్లాటలు అయినయంటే సగం హారన్ తోనే మొదలైనయి.

కొంతమంది పిల్లలకు తెల్వక చేసేది ఇంకోటి ఉన్నది. శవయాత్ర నడుస్తా నడుస్తా శ్మశానం ఇంకా రాకముందే ఒక్కదగ్గర ఆగుతది, పాడె కిందికి దించుతరు. "గిదేంది రోడ్డు మీద ఆపిన్రు" అని ఎనుక బైకులోళ్ళు సైడు నుంచి దూరుతరు. అది దింపుడు కల్లం తమ్మీ. కొడుకో, తమ్ముడో వంగి చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తరు, ఒకవేళ పానం ఉన్నదేమో, లేస్తడేమో అని. లేవరని అందరికి ఎరికే, అయినా పిలుస్తరు. "నాయినా, నాయినా" అని ఒక మనిషి తారు రోడ్డు మీద వంగి పిలుస్తాంటే పక్క నుంచి ఎక్సలేటర్ రైజ్ చేసుకుంట పోవుడు ఎంత పాపం, మీరే చెప్పుండ్రి. అది రెండు మూడు నిమిషాల పని, ఆడ ఇంజిన్ బంద్ చేసి నిలబడుండ్రి.

అట్లనే వరుసను మధ్యల తెంపకుండ్రి. పెద్దకొడుకు అగ్గికుండ పట్టుకొని పాడెకు ముంగట నడుస్తడు, ఎనుక సుట్టాలు, మన దిక్కు శాన కులాలల్ల ఆడోళ్ళు కూడ శ్మశానం దాకా వస్తరు. హన్మకొండ చౌరస్తా లాంటి కాడ సిగ్నల్ పడంగనే మధ్యల నుంచి రెండు ఆటోలు దూరితే ఎనుక ముసలవ్వలు అటే ఆగిపోతరు, పాడె ఇటు పోతది. అందరికన్న ముంగట ఉండేది డప్పులోళ్ళు, ఎదురొచ్చే బండి దెబ్బ మొదలు తాకేది వాళ్ళకే, ఆ సంగతి ఎవలూ ఆలోచించరు. ఇంకోమాట, పూలు, పేలాలు, చిల్లర పైసలు చల్లుకుంట పోతరు, తడి బంతిపూల రెక్కల మీద బైక్ టైర్ జారుతది, శవయాత్ర పోయినంక కూడ అక్కడ బ్రేకు మెల్లగ తొక్కుండ్రి.

మండిబజార్, కాజీపేట దర్గా దిక్కు జనాజా, అంటే ముస్లింల శవయాత్ర, పోతాంటే చూసే ఉంటరు. డప్పు లేదు, చప్పుడు లేదు, భుజాల మీద మోసుకుంట జల్ది జల్ది నడుస్తరు, దారిల దుకాణపోళ్ళు కూడ వచ్చి పది అడుగులు భుజం ఇచ్చి పోతరు. తొందరగ పోతాన్రు కదా అని మనం పక్కనుంచి ఓవర్టేక్ చెయ్యకుండ్రి, భుజం మార్చుకునేటందుకు మనుషులు ఒక్కసారే అటు ఇటు జరుగుతరు. ఫాతిమానగర్ దిక్కు క్రైస్తవుల పెట్టె బండి మీద మెల్లగ పోతది, ఎనుక పాటలు పాడుకుంట వస్తరు. ఎవలదైనా మన పని ఒక్కటే.

చట్టం అడిగేటోళ్ళ కోసం చెప్త. 1989 నాటి రోడ్డు నియమాలల్లనే ఊరేగింపు ఎదురైనా, దాన్ని దాటినా గంటకు 25 కిలోమీటర్లకు మించొద్దని రాసి పెట్టిన్రు, 2017ల వాటి జాగల కొత్త నియమాలు వచ్చినయి. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 301 సెక్షన్ ప్రకారం మనసు నొప్పియ్యాలని అంత్యక్రియలకు కూడినోళ్ళను ఆగం చేస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. కానీ కేసుకు భయపడి ఆపుడు నాకు ఇష్టం లేదు, మనిషి పోయిండని ఆపుండ్రి. శవం ఎదురొస్తే పని అయితదని మన పెద్దోళ్ళు అంటరు, ఆ నమ్మకం ఉన్నోళ్ళు అట్లనే ఆపి దండం పెట్టుకోండ్రి, నాకేం అభ్యంతరం లేదు. ఫోన్ తీసి వీడియో మాత్రం తియ్యొద్దు.

శవయాత్ర ఎంబడి పోయేటోళ్ళకు కూడ చెప్పాలె, ఎందుకంటే రేపు మనమే ఆ వరుసల ఉంటం. రోడ్డు మొత్తం కమ్మకుంట సగం ఇడువుండ్రి. టపాకులు బండ్ల కింద వెయ్యొద్దు, పెట్రోల్ ట్యాంకులు ఉంటయి. పొద్దుగూకినంక హైవే ఎక్కాల్సి వస్తే, మన 163 నంబర్ హైవే మీద లారీల స్పీడు మీకు ఎరికే, తాగనోళ్ళను ఇద్దరిని సెల్ లైట్లు పట్టుకొని ఎనుక నడవమనుండ్రి, ముంగట ఇద్దరిని నడవమనుండ్రి. అన్నిటికన్న ముఖ్యం, 108 సైరన్ వినపడితే డప్పు ఆపి, పాడెను పక్కకు జరిపి దారి ఇయ్యాలె. అంబులెన్సుకు దారి ఇయ్యని బండికి 10,000 రూపాయల జుర్మానా ఉన్నది, అది సరే, ఎంజీఎం దవాఖానకు పోయే ఆ బండిల బతికే మనిషి ఉన్నడు.

ఆటో అన్నలు, ఎనుక కూసున్న ప్యాసింజర్ "పోనియ్యి, టైం అయితాంది" అని గుంజుతడు, నాకు తెలుసు, బస్సుల నాకూ అట్లనే చెప్పేటోళ్ళు. "శవం పోతాంది సార్, రెండు నిమిషాలు" అనుండ్రి. అంతే చెప్పుండ్రి, అటెన్క ఎవలూ ఏం అనరు. ఆటోల పాట పెట్టి ఉంటే అప్పుడే బంద్ చెయ్యుండ్రి.