మెనై వంతెనను మూసిన రోజు

విద్యార్థి మిత్రులందరికీ నమస్కారం.

వేలాడే వంతెనల గురించి చెప్పమన్నారు. నేను బ్రిటన్‌లో, వేల్స్‌లోని మెనై వంతెన గురించే మాట్లాడతాను, దానికన్నా ఎన్నో రెట్లు పొడవైనవి ఇప్పుడు ఉన్నా సరే.

వేల్స్ వాయవ్య తీరాన్ని ఆనుకుని ఆంగ్లసీ అనే దీవి ఉంది. మధ్యలో మెనై జలసంధి. చూడ్డానికి సన్నగా ఉంటుంది కానీ, ఆటుపోట్లకు నీళ్లు సుడులు తిరుగుతాయి. వంతెన లేని రోజుల్లో దీవి పశువులను అమ్మకానికి తోలుకెళ్లాలంటే ఆ నీళ్లలోకి దింపి ఈదించాల్సిందే. మనుషులకు పడవే దిక్కు. 1785లో 55 మంది ఉన్న పడవ ఇసుక మేటలో చిక్కుకుని మునిగిపోతే, ఒక్కరే బతికి బయటపడ్డారు.

1819లో థామస్ టెల్ఫోర్డ్ వంతెన పని మొదలుపెట్టారు. కింద తెరచాప ఓడలు వెళ్లాలి కాబట్టి దారి నీటికి 100 అడుగుల ఎత్తున ఉండాలి. అందుకే రాతి గోపురాలు లేపి, వాటి మీదుగా 16 ఇనుప గొలుసులు వేసి, దారిని వాటికి వేలాడదీశారు. గోపురాల మధ్య దూరం 176 మీటర్లు. 1825 ఏప్రిల్‌లో మొదటి గొలుసును తెప్ప మీద తెచ్చారు. సుమారు 150 మంది గానుగ తిప్పినట్టు చుట్టూ తిరుగుతూ దాన్ని పైకి లాగారు. 1826 జనవరి 30న వంతెన తెరిచారు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. గొలుసులకు వాడిన ఇనుప కడ్డీలను వేడిచేసి అవిసె నూనెలో ముంచారు. వంతెనకు ఎక్కించేలోపే తుప్పు పట్టకూడదని! 1938-41 మధ్య ఆ గొలుసుల స్థానంలో ఉక్కువి వేశారు, అదీ రాకపోకలు ఆపకుండానే.

2022 అక్టోబర్ 21న మాత్రం ఆపేశారు. దారిని మోసే కడ్డీలు ఉన్నట్టుండి విరిగే ప్రమాదం ఉందని ఇంజినీర్లు చెప్పగానే, ఆ మధ్యాహ్నమే వంతెన మూసేశారు. దీవి జనం చాలా ఇబ్బంది పడ్డారు. ట్రాఫిక్ అంతా పక్కనున్న బ్రిటానియా వంతెన మీద పడింది, ఇటు కొట్లకు బేరాలు పోయాయి. మళ్లీ తెరిచింది 2023 ఫిబ్రవరిలో, అదీ 7.5 టన్నులు దాటిన బండ్లు రాకూడదన్న షరతుతో. ఆ మూడు నెలల తిట్లు భరించడానికి సిద్ధపడి మూయించిన ఇంజినీర్లంటే నాకు ఎంతో గౌరవం.

అది మూసిన తొమ్మిది రోజులకు, అక్టోబర్ 30న, మన గుజరాత్‌లో మోర్బీ వేలాడే వంతెన తెగి మచ్ఛు నదిలో పడింది. మరమ్మతులయ్యాయని తెరిచి నాలుగు రోజులే. 130 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చిన్నపిల్లలు ఎంతోమంది. ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు తినేశాయని దర్యాప్తు బృందం తేల్చింది.

ఆ తుప్పు ఒక్కరోజులో పట్టింది కాదు. అవిసె నూనెలో ముంచిన ఆ కడ్డీల సంగతి చదివినప్పుడల్లా నాకు మోర్బీలోని 22 తీగలే కళ్ల ముందు మెదులుతాయి.